షుగరున్న పిల్లికి ఏ తిండి పెట్టాలి: లేబుల్ లెక్క నుంచి గిన్నె దాకా

ఇంటికొకరైనా షుగరు మాత్రలు వేసుకునే కాలం కాబట్టి, పిల్లికి మధుమేహం ఉందని పశువైద్యులు చెప్పగానే మన ఆలోచన మనుషుల పథ్యం వైపే పోతుంది. తెల్లన్నం మానిపించి కొర్రన్నం పెడదామా, పాలకు బదులు మజ్జిగ పోద్దామా, జొన్నరొట్టె ముక్కలు కలుపుదామా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఈ మూడూ పిల్లి విషయంలో పనికిరానివే. మనిషికి బియ్యం కంటే కొర్రలు మేలు కావచ్చుగాని, పిల్లికి బియ్యమైనా కొర్రలైనా, ఓట్సయినా బంగాళాదుంపయినా ఒకటే లెక్క. అవన్నీ పిండిపదార్థాలే, వాటిని పెద్ద మొత్తంలో వాడుకునే ఏర్పాటు దాని శరీరంలో లేదు. ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. ఇక్కడ తిండి మందుతో సమానం. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లికి వైద్యులతో మాట్లాడకుండా తిండి మార్చడమంటే, వారికి చెప్పకుండా మందు మోతాదు మార్చడమే.

పిల్లి ఒంట్లో జరిగేది

పిల్లి పూర్తి మాంసాహారి. కుక్కలా, మనిషిలా దొరికినది తిని సర్దుకుపోయే జీవి కాదు. దాని లాలాజలంలో పిండిని విడగొట్టే ఎంజైమ్ ఉండదు, క్లోమం నుంచి వచ్చే ఆ ఎంజైమ్ కూడా కుక్కతో పోలిస్తే చాలా తక్కువ. భోజనం తర్వాత ఒక్కసారిగా రక్తంలోకి వచ్చే గ్లూకోజును పట్టి నిల్వచేయడానికి మన కాలేయంలో గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పిల్లి కాలేయంలో దాని పని నామమాత్రమే. అందుకు బదులుగా ఆ కాలేయం తిన్నా తినకపోయినా, రాత్రింబగళ్లు, ప్రోటీన్ నుంచే గ్లూకోజును తయారుచేసుకుంటూ ఉంటుంది. ఎలుకలను, పిట్టలను వేటాడి బతికే పిల్లికి శక్తిలో సగానికి కాస్త అటూఇటూగా ప్రోటీన్ నుంచి, మిగిలినది దాదాపుగా కొవ్వు నుంచి వస్తుంది. పిండిపదార్థాల వాటా 2 శాతం దగ్గర ఉంటుంది. బజారులో దొరికే పొడి గుళికల్లో అదే వాటా 30 నుంచి 40 శాతం దాకా ఉండటం మామూలు.

పిల్లులకు వచ్చే మధుమేహం చాలావరకు మనుషుల టైప్-2ను పోలి ఉంటుంది. నడివయసు దాటిన, బరువు పెరిగిన, సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించిన మగపిల్లుల్లో, ఇల్లు కదలకుండా పెరిగేవాటిలో, స్టెరాయిడ్ మందులు వాడినవాటిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వ్యాధి మొదట్లో ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలన్నీ చచ్చిపోవు. రక్తంలో ఎడతెగకుండా ఉండే అధిక గ్లూకోజు వాటిని నిస్తేజం చేస్తుంది. ఆ గ్లూకోజును త్వరగా దించి, కొన్ని వారాలు దింపి ఉంచగలిగితే కొన్ని పిల్లుల్లో ఆ కణాలు మళ్లీ కోలుకుంటాయి, ఇన్సులిన్ అవసరమే లేని స్థితి కూడా వస్తుంది. 2006లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 63 మధుమేహ పిల్లులకు రెండు రకాల డబ్బా ఆహారం పెట్టి చూశారు; నాలుగు నెలలు గడిచేసరికి పిండిపదార్థం తక్కువగా ఉన్న ఆహారం తిన్నవాటిలో 68 శాతం, మధ్యస్థంగా పిండిపదార్థం ఉండి పీచు ఎక్కువగా ఉన్న ఆహారం తిన్నవాటిలో 41 శాతం ఆ స్థితికి చేరాయి. పీచు ఎక్కువ పెట్టడమే మార్గమన్న పాత సలహా వెనక్కి తగ్గడానికి ఇటువంటి ఫలితాలే కారణం.

మొదటి మెట్టు: తిండి కొనకముందు వైద్యుల దగ్గర తెలుసుకోవలసినవి

పిల్లి భయపడితేనే దాని రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. బుట్టలో పెట్టుకుని, ఆటోలో కుదుపుల మధ్య తీసుకెళ్లి, కుక్కల అరుపులు వినిపించే గదిలో కూర్చోబెట్టాక తీసిన ఒక్క రీడింగును బట్టి మధుమేహమని నిర్ధారించడం సరికాదు. అందుకే వెనుకటి ఒకటి రెండు వారాల సగటును చూపించే ఫ్రక్టోసమైన్ పరీక్షనో, మూత్రంలో గ్లూకోజునో కూడా చూస్తారు. ఆ నిర్ధారణ జరిగిందా అని మొహమాటం లేకుండా అడగండి.

తర్వాత మూత్రపిండాల సంగతి అడగాలి. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపవలసిన వ్యర్థం), ఫాస్ఫరస్ ఎంత ఉన్నాయన్నది ఆహారం ఎంపికను నేరుగా ప్రభావితం చేస్తుంది, దాని గురించి కింద విడిగా రాస్తాను. క్లోమం వాపు ఉందా, పళ్లు, చిగుళ్లు బాగున్నాయా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందా అన్నవి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే నోరు నొప్పిగా ఉన్న పిల్లి ఎంత మంచి ఆహారాన్నయినా వదిలేస్తుంది, మనం మాత్రం దానికి రుచి నచ్చలేదనుకుంటాం. ఇప్పుడున్న బరువు, ఉండవలసిన బరువు రెండూ కాగితం మీద రాయించుకోండి.

పిల్లి వాంతులు చేసుకుంటూ, నీరసంగా పడి ఉండి, ఏమీ తినకపోతే అది తిండి ఎంచుకునే సమయం కాదు. రక్తంలో కీటోన్లు, అంటే ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్ల పదార్థాలు, పెరిగి ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండో మెట్టు: చేరవలసిన అంకెలు

మధుమేహ పిల్లికి ఆహారంలోని మొత్తం శక్తిలో పిండిపదార్థాల వాటా సుమారు 12 శాతానికి మించకుండా, ప్రోటీన్ వాటా 40 శాతానికి తగ్గకుండా చూడమని పశువైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఇక్కడ "శక్తిలో వాటా" అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే ప్యాకెట్ మీద అచ్చువేసే శాతాలు బరువును బట్టి ఉంటాయి, శక్తిని బట్టి కాదు. ఈ రెండింటినీ కలగలిపేయడం వల్లనే ఎక్కువమంది పొరపాటు పడతారు.

మూడో మెట్టు: లేబుల్ లెక్క

ప్యాకెట్ వెనుక ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ ఎంతెంత ఉన్నాయో ఉంటుంది. కొన్నింటి మీద బూడిద, అంటే ఖనిజాల మొత్తం, కూడా ఉంటుంది. పిండిపదార్థం ఎంత ఉందో చాలా కంపెనీలు రాయవు, కనుక మనమే రాబట్టాలి. ఈ అయిదింటినీ కూడి వందలో నుంచి తీసేస్తే మిగిలేదే పిండిపదార్థం. బూడిద అంకె లేకపోతే పొడి ఆహారానికి 7 లేదా 8, తడి ఆహారానికి 2 లేదా 2.5 అని వేసుకోవచ్చు. ఆ తర్వాత ప్రోటీన్‌ను 3.5తో, కొవ్వును 8.5తో, పిండిపదార్థాన్ని 3.5తో గుణిస్తే వంద గ్రాములలో ఒక్కొక్కదాని నుంచి వచ్చే కిలో క్యాలరీలు తెలుస్తాయి. మూడింటినీ కూడి, ఆ మొత్తంలో పిండిపదార్థం వాటా ఎంత శాతమో చూడాలి.

ఒక పొడి ఆహారం తీసుకుందాం. ప్రోటీన్ 32, కొవ్వు 12, పీచు 3, తేమ 10, బూడిద 8 అనుకుంటే మొత్తం 65. మిగిలిన 35 పిండిపదార్థం. ప్రోటీన్ నుంచి 112, కొవ్వు నుంచి 102, పిండిపదార్థం నుంచి 122.5, అన్నీ కలిపి 336.5 కిలో క్యాలరీలు. పిండిపదార్థం వాటా 36 శాతం దాటింది. ప్యాకెట్ ముందు భాగంలో "అధిక ప్రోటీన్" అని బంగారు అక్షరాలతో ఉన్నా, ఈ పిల్లికి అది పనికిరాదు.

ఇప్పుడు ముక్కలు లేకుండా మెత్తగా ముద్దలా ఉండే ఒక తడి ఆహారం. ప్రోటీన్ 11, కొవ్వు 5, పీచు 0.5, తేమ 79, బూడిద 2.5, మిగిలినది 2. శక్తి వరుసగా 38.5, 42.5, 7, అంటే మొత్తం 88 కిలో క్యాలరీలు. పిండిపదార్థం వాటా 8 శాతం, ప్రోటీన్ వాటా 44 శాతం. పైకి చూస్తే 32 శాతం ప్రోటీన్ ఉన్న పొడి ఆహారం ముందు 11 శాతం ఉన్న తడి ఆహారం పేలవంగా కనిపిస్తుందిగాని, నీళ్లు తీసేసి చూస్తే కథ తారుమారవుతుంది.

మూడోది గ్రేవీ పౌచ్. ప్రోటీన్ 8, కొవ్వు 3, పీచు 1, తేమ 82, బూడిద 2, మిగిలినది 4. నాలుగే కదా అనిపిస్తుంది. లెక్కవేస్తే ప్రోటీన్ నుంచి 28, కొవ్వు నుంచి 25.5, పిండిపదార్థం నుంచి 14, మొత్తం 67.5 కిలో క్యాలరీలు. పిండిపదార్థం వాటా దాదాపు 21 శాతం. తడి ఆహారమంతా మంచిదేనన్న మాట చాలామంది చెబుతారు, అది సగం నిజం మాత్రమే. గ్రేవీ చిక్కబడటానికి పిండి కలుపుతారు. ఆ మెరిసే చారులోనే షుగరు దాగి ఉంటుంది.

ఈ లెక్కకు ఒక బలహీనత ఉంది. లేబుల్ మీద ప్రోటీన్, కొవ్వులకు కనీస అంకెలు, పీచు, తేమలకు గరిష్ఠ అంకెలు వేస్తారు, అసలు పరిమాణాలు వేరుగా ఉండవచ్చు. తడి ఆహారంలో బూడిదను 2.5కు బదులు 1.5గా తీసుకుంటే చాలు, పై రెండో ఉదాహరణలో పిండిపదార్థం 3 అవుతుంది, దాని వాటా 8 నుంచి 11.5 శాతానికి ఎగబాకుతుంది. కాబట్టి లెక్కలో 12కు దగ్గరగా వచ్చిన ఆహారాన్ని ఖాయం చేసుకునే ముందు, కంపెనీ వినియోగదారుల విభాగానికి రాసి, ఆ ఉత్పత్తి సగటు విశ్లేషణను, వంద కిలో క్యాలరీలకు పిండిపదార్థం ఎన్ని గ్రాములో అడగండి. వంద కిలో క్యాలరీలకు 3 గ్రాములు, లేదా అంతకు కాస్త పైన దాకా ఉంటే మనకు కావలసిన హద్దులో ఉన్నట్టే. ఈ చిన్న ప్రశ్నకు జవాబివ్వని కంపెనీ ఆహారాన్ని నేనైతే షుగరున్న పిల్లికి పెట్టను.

నాలుగో మెట్టు: ప్యాకెట్ ముందు భాగంలోని మాటలకు మోసపోకుండా ఉండటం

"ధాన్య రహితం" అన్న మాటకు "పిండి రహితం" అని అర్థం కాదు. గోధుమ, మొక్కజొన్న తీసేసిన చోట బఠాణీ, బంగాళాదుంప, కర్రపెండలం చేరుతాయి, పిండిపదార్థం కొన్నిసార్లు ఇంకా ఎక్కువే అవుతుంది. మెత్తగా, తేమగా, నమిలే బిళ్లల్లా ఉండే ట్రీట్లలో ఆ మెత్తదనం కోసం చక్కెర పాకాలు కలిపే అలవాటు ఉంది. వాటిని పూర్తిగా మానేయాలి.

పశువైద్యుల చీటీ మీద ఇచ్చే మధుమేహ ఆహారాల సంగతికి వస్తే, ప్యూరినా డీఎం, రాయల్ కానిన్ డయాబెటిక్, హిల్స్ ఎం/డీ వంటివి ఈ అవసరం కోసమే తయారైనవి. వాటిలో పొడి రకాలు కూడా మామూలు గుళికల కంటే పిండిపదార్థం తక్కువగా ఉండేలా చేస్తారు. అయినా ఒకే పేరుతో వచ్చే పొడి రకానికీ తడి రకానికీ మధ్య పిండిపదార్థంలో తేడా ఉంటుంది, కనుక పేరు చూసి ఆగిపోకుండా వీటికీ పై లెక్క వేయాలి. మన ఊళ్లలో ఇవి అన్నివేళలా దొరకవు. ఒక నెల దొరికి మరుసటి నెల దొరకకపోతే పిల్లి తిండి మళ్లీ మారుతుంది, దానితోపాటు ఇన్సులిన్ లెక్కా మారుతుంది. అందువల్ల ఎప్పుడూ ఆగకుండా దొరికే మామూలు తడి ఆహారం లెక్కకు నిలిస్తే, దానినే ఎంచుకోవడంలో తప్పు లేదు. ఖరీదైన పొడి బస్తా కంటే చవకైన ముద్ద టిన్ను మధుమేహ పిల్లికి మేలు చేసే సందర్భాలు చాలా ఉంటాయి.

ఇంకొకటి, ఆ డబ్బా మీద "సంపూర్ణ ఆహారం" అని ఉందో లేదో చూడాలి. చేప ముక్కలు, చికెన్ పోగులు నీళ్లలో వేసి అమ్మే కొన్ని అందమైన డబ్బాలు "అనుబంధ ఆహారం" కోవలోకి వస్తాయి. వాటిలో పిండిపదార్థం దాదాపు ఉండదు, అది నిజమే. కాని వాటితోనే నెలలు గడిపితే విటమిన్లు, ఖనిజాలు, టారిన్ అనే అత్యవసర పోషకం లోటు ఏర్పడుతుంది.

అయిదో మెట్టు: వంటింటి తిండి గురించి నిర్ణయం

మన ఇళ్లలో పిల్లి పెరిగేది పెరుగన్నం, పాలు, చేప తలకాయలు, కూరలో తీసిపెట్టిన ముక్కల మీద. షుగరు వచ్చాక పెరుగన్నం పూర్తిగా ఆపవలసిందే, ఇందులో "కొంచెం" అన్న మాట లేదు. పాలలో వంద మిల్లీలీటర్లకు 5 గ్రాముల దగ్గర లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. నాలుగు కిలోల జీవికి ఒక చిన్న గిన్నెడు పాలు మన లెక్కలో తక్కువైనా దాని లెక్కలో ఎక్కువే. కూర ముక్కల్లో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి షుగరుతో సంబంధం లేకుండానే పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్ మంచిదే కదా అని అడుగుతారు. పిండిపదార్థం దృష్ట్యా మంచిదే, కాని ఒక్క చికెన్‌తోనే పిల్లిని పోషించలేం. ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం నామమాత్రం. ఆ అసమతౌల్యం మెల్లగా ఎముకలను గుల్ల చేస్తుంది. పిల్లి టారిన్‌ను తగినంతగా తయారుచేసుకోలేదు, ఆహారం నుంచే అందాలి. అది నీళ్లలో కరిగిపోయే పదార్థం కాబట్టి చికెన్ ఉడికించి నీళ్లు పారబోస్తే దానితోపాటే పోతుంది. టారిన్ లోపిస్తే కంటిపొర పాడవుతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. పచ్చి చేపల్లో కొన్ని రకాలలో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, వాటిని రోజూ పెట్టకూడదు. ఇంటి వంటే పెట్టాలన్న పట్టుదల ఉన్నవారు పశుపోషణ తెలిసిన వైద్యులతో పిల్లి బరువుకు తగిన వంటకాన్ని, కలపవలసిన పొడులతో సహా, గ్రాముల లెక్కన రాయించుకోవాలి, ఊహించి చేయకూడదు. లేదంటే చికెన్‌ను రోజుకు రెండు మూడు చిన్న ముక్కల బహుమతిగా, మొత్తం శక్తిలో పదో వంతుకు మించకుండా వాడుకోవచ్చు.

శాకాహార కుటుంబాలలో ఈ వ్యాధి ఒక ధర్మసంకటాన్ని తెస్తుంది. పప్పన్నం, పనీరు, సోయా ముక్కలతో మధుమేహ పిల్లిని నడిపించవచ్చా అని అడిగితే, నడిపించలేమన్నదే నా జవాబు. మాంసం వండే పని లేకుండా టిన్నునో పౌచ్‌నో బాల్కనీలోనో పెరట్లోనో విడి గిన్నెలో వేసి పెట్టడం అటువంటి ఇళ్లలో సాధ్యమయ్యే దారి.

మూత్రపిండాలు కూడా దెబ్బతిని ఉంటే

వయసు మీరిన పిల్లుల్లో షుగరు, మూత్రపిండాల జబ్బు కలిసి రావడం అరుదు కాదు. మొదటిది ప్రోటీన్ ఎక్కువ కావాలంటుంది, రెండోది ఫాస్ఫరస్ తగ్గించమంటుంది, ప్రోటీన్‌ను కూడా అదుపులో పెట్టమంటుంది. జబ్బు ప్రారంభ దశలో ఉంటే ఫాస్ఫరస్ తక్కువగా ఉన్న తడి ఆహారాలలో పిండిపదార్థం తక్కువగా ఉన్నదాన్ని వెదకవచ్చు. జబ్బు ముదిరి ఉంటే మాత్రం మూత్రపిండాల ఆహారానికే మొగ్గు చూపి, పెరిగే గ్లూకోజును ఇన్సులిన్‌తో సర్దుతారు. ఈ నిర్ణయం రక్తపరీక్షలు చూసి వైద్యులు చేయవలసినది. క్లోమం వాపు ఉన్న పిల్లులకు, కుక్కలకు చెప్పినంత కఠినంగా కొవ్వు తగ్గించమని సాధారణంగా చెప్పరు.

ఆరో మెట్టు: ఎంత పెట్టాలి

సరైన ఆహారాన్ని తప్పు కొలతలో పెడితే ఫలితం ఉండదు. లావు పిల్లి బరువు తగ్గేకొద్దీ దాని శరీరం ఇన్సులిన్‌కు బాగా స్పందిస్తుంది, కనుక క్యాలరీల లెక్క తప్పదు. పిల్లి ఉండవలసిన బరువును తీసుకుని, ఆ అంకెను రెండుసార్లు దానితోనే గుణించి, అంటే ఘనం కట్టి, ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌లో వర్గమూలం గుర్తును వరుసగా రెండుసార్లు నొక్కి, వచ్చినదాన్ని 70తో గుణిస్తే విశ్రాంతిలో ఉన్నప్పుడు రోజుకు కావలసిన శక్తి వస్తుంది. ఉండవలసిన బరువు 4.5 కిలోలైతే ఘనం 91.125, రెండు వర్గమూలాల తర్వాత 3.09, దాన్ని 70తో గుణిస్తే సుమారు 216 కిలో క్యాలరీలు. బరువు తగ్గవలసిన పిల్లికి ఇందులో ఎనభై శాతం, అంటే రోజుకు 173 దగ్గర మొదలుపెడతారు. మన రెండో ఉదాహరణలోని తడి ఆహారంలో అది సుమారు 197 గ్రాములు. పొడి ఆహారంలోనైతే 51 గ్రాములే, గుప్పెడు కూడా రాదు. కడుపు నిండినట్టుండి బరువు తగ్గాలంటే తడి ఆహారం ఎందుకు మేలో ఈ రెండు అంకెలే చెబుతాయి.

బరువు వారానికి 1 శాతం, గరిష్ఠంగా 2 శాతం చొప్పున తగ్గితే చాలు. అంతకంటే వేగంగా తగ్గితే కాలేయంలో కొవ్వు పేరుకునే ప్రమాదం ఉంది. ఇప్పటికే చిక్కిపోయి ఎముకలు తేలిన పిల్లికి ఈ కోత వర్తించదు. దానికి బరువు నిలకడకు వచ్చేదాకా ఆకలి తీరా పెట్టాలి, ఎందుకంటే అది తిన్నదంతా మూత్రంలో పోగొట్టుకుంటోంది. కొలత కోసం గిన్నెలూ చెంచాలూ కాకుండా గ్రాములు చూపే వంటింటి డిజిటల్ త్రాసు వాడండి.

ఏడో మెట్టు: పాత తిండి నుంచి కొత్త తిండికి

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ఈ మెట్టు. పొడి గుళికలు తింటూ రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేయించుకుంటున్న పిల్లికి ఒక్కసారిగా పిండిపదార్థం తక్కువ ఉన్న ఆహారం మొదలుపెడితే, గ్లూకోజు రాక బాగా పడిపోతుంది, ఇన్సులిన్ మాత్రం పాత మోతాదులోనే ఉంటుంది. ఫలితంగా రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా దిగిపోవచ్చు. కనుక మార్పు మొదలుపెట్టే తేదీని వైద్యులకు ముందే చెప్పి, మోతాదు ఎంత తగ్గించాలో, ఏయే రోజుల్లో గ్లూకోజు చూడాలో రాయించుకోవాలి. ఇంట్లోనే చెవి అంచు నుంచి చుక్క తీసి చూడటం చాలామంది నేర్చుకోగలరు. అయితే మనుషుల కోసం చేసిన గ్లూకోమీటరు పిల్లి రక్తంలో అసలు కంటే తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకుని, ఏ మీటరు వాడుతున్నారో వైద్యులకు చెప్పండి.

ఏడు నుంచి పద్నాలుగు రోజులు తీసుకోండి. మొదటి రెండు మూడు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, ఆపై ముప్పావు, చివరికి పూర్తిగా. పిల్లి తూలుతూ నడిచినా, బలం లేనట్టు పడిపోయినా, ఒళ్లు వణికినా, మూర్ఛ వచ్చినా గ్లూకోజు పడిపోయిందనే అనుకోవాలి. లేవగలిగితే తిండి పెట్టండి. లేవలేకపోతే తేనెనో గ్లూకోజు నీటినో చిగుళ్లకు రుద్ది, మింగలేని నోట్లో పోయకుండా, పళ్ల మధ్య వేలు పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పరీక్షలో గ్లూకోజు 60 మిల్లీగ్రాముల కంటే దిగినా ఇదే పద్ధతి పాటించి వైద్యులకు ఫోన్ చేయాలి.

ఇన్సులిన్‌కు బదులు నోటి ద్వారా ఇచ్చే బెక్సాగ్లిఫ్లోజిన్, వెలాగ్లిఫ్లోజిన్ అనే మందులకు అమెరికాలో 2022, 2023లలో అనుమతి వచ్చింది. అక్కడ స్థిరపడిన తెలుగువారి పిల్లులు వీటిని వాడుతుంటే ఒక విషయం తెలిసి ఉండాలి: ఆ మందుల మీద ఉన్న పిల్లి తినడం మానేస్తే, గ్లూకోజు మామూలుగా కనిపిస్తున్నా కీటోన్లు పెరగవచ్చు, కనుక పూట తప్పినా వైద్యులకు చెప్పాలి.

పిల్లి మొండికేస్తే

ఏళ్ల తరబడి కరకరలాడే గుళికలు తిన్న పిల్లికి తడి ముద్ద తిండిలా కనిపించదు. "ఆకలేస్తే అదే తింటుంది" అన్న సామెతలాంటి మాట పిల్లుల దగ్గర చెల్లదు, ముఖ్యంగా లావు పిల్లుల దగ్గర. రెండు మూడు రోజులు కడుపు మాడితే వాటి కాలేయంలోకి కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. తప్పు తిండి తింటున్న పిల్లి కంటే ఏమీ తినని పిల్లి ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. ఒక రోజంతా తినకపోతే పాత తిండి పెట్టేయండి, ఓడిపోయామని బాధపడనవసరం లేదు.

మొదట పొద్దస్తమానం గిన్నెలో గుళికలు ఉంచే అలవాటు మాన్పించి, పాత తిండినే వేళకు పెట్టి, అరగంట తర్వాత తీసేయాలి. వేళకు ఆకలి వేయడం నేర్చుకున్న పిల్లి కొత్త రుచికి త్వరగా ఒప్పుకుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన టిన్నును గిన్నె వేడినీళ్లలో ఉంచి గోరువెచ్చగా చేస్తే వాసన లేస్తుంది. పాత గుళికలను దంచి ముద్ద మీద చల్లి, ఆ పొడిని రోజురోజుకూ తగ్గించవచ్చు. మీసాలు అంచులకు తగలని వెడల్పాటి పళ్లెం వాడండి. మా ఇంటి పిల్లి ఉన్న గిన్నెలన్నీ కాదని చివరికి ఒక సాసరులో తిన్నది. ఆ సంగతి తెలియడానికి మాకు పది రోజులు, అరడజను టిన్నులు పట్టాయి.

ఎనిమిదో మెట్టు: వేళలు, ఇతర పిల్లులు, ఇరుగుపొరుగు

ఇన్సులిన్ సాధారణంగా పన్నెండు గంటల తేడాతో రెండుసార్లు వేస్తారు. ఆ రెండు వేళలకు ముందు పెద్ద భాగం పెట్టి, తిన్నదని కళ్లారా చూశాక సూది వేయడం క్షేమం. మిగిలిన కొంచెం మధ్యలో పెట్టవచ్చు. పిల్లి తినకపోయినా, తిన్నది కక్కినా పూర్తి మోతాదు వేయకుండా ముందు వైద్యులను అడగాలి.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే దాని గుళికల గిన్నె ఎత్తు మీదో వేరే గదిలోనో ఉండాలి. మంచి తడి ఆహారాన్ని ఆరోగ్యమైన పిల్లి కూడా తినవచ్చు కాబట్టి, స్తోమత ఉంటే అందరికీ అదే పెట్టడం సులువు. బయట తిరిగే పిల్లి విషయంలో అసలు చిక్కు వీధిలో ఉంటుంది. పక్కింటి పెద్దమ్మ ప్రేమగా పోసే పాలు, ఎదురింటివాళ్లు పెట్టే చేపల పులుసు అన్నం మన లెక్కలన్నీ తలకిందులు చేస్తాయి. దానికి షుగరుందని, సూదులు వేస్తున్నామని ఇంటింటికీ వెళ్లి చెబితే మనవాళ్లు వెంటనే అర్థం చేసుకుంటారు, షుగరు కష్టం తెలియని ఇల్లు లేదు కదా.

మన ఎండల్లో తడి ఆహారాన్ని గంటకు మించి గిన్నెలో వదలవద్దు. తెరిచిన టిన్నును మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

తొమ్మిదో మెట్టు: ఆహారం పనిచేస్తోందో లేదో చూడటం

నాలుగు అంకెలు ఒక నోటుపుస్తకంలో రాస్తూ ఉండండి: వారానికోసారి బరువు, రోజూ తాగిన నీళ్లు, లిట్టర్‌లో (పిల్లి మలమూత్రాలకు పెట్టే ఇసుక తొట్టిలో) మూత్రం గడ్డల సంఖ్య, వైద్యులు చెప్పిన రోజుల్లో గ్లూకోజు. మనం ఎత్తుకుని నిలబడే బరువు యంత్రంలో వంద గ్రాముల తేడా తెలియదు. మందుల షాపుల్లో దొరికే పసిపిల్లల త్రాసు నయం. గిన్నెలో కొలిచి పోసి, మరుసటి రోజు మిగిలినది కొలిస్తే నీళ్ల లెక్క తేలుతుంది. అయితే తడి ఆహారానికి మారగానే తిండిలోని నీరు వల్ల పిల్లి గిన్నెలో తాగేది ఎలాగూ తగ్గుతుంది, దాన్నే షుగరు తగ్గినట్టు లెక్కవేసుకోకూడదు. మూత్రం గడ్డలను, బరువును కలిపి చూడాలి. సరైన ఆహారం, సరిపడిన ఇన్సులిన్ ఇస్తున్నా చాలా ఎక్కువ మోతాదులు అవసరమవుతుంటే, పిట్యూటరీ గ్రంథిలోని గడ్డ వల్ల పెరుగుదల హార్మోన్ ఎక్కువగా తయారవుతోందేమో పరీక్షించమని వైద్యులను అడగవచ్చు. అటువంటి పిల్లికి తిండి మార్పు ఒక్కటే చాలదు.

ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాల పాటు గ్లూకోజు మామూలుగా ఉంటే వ్యాధి ఉపశమించిందని అంటారు. అప్పుడు చాలా ఇళ్లలో సంతోషంతో పాత గుళికల సంచి మళ్లీ బయటికి వస్తుంది. అది చేయకండి, ఆ పిల్లుల్లో కొన్నింటికి వ్యాధి తిరగబెడుతుంది, తక్కువ పిండిపదార్థం ఉన్న ఆహారాన్ని జీవితాంతం కొనసాగించాలి. చర్మం దురదకో, మరో జబ్బుకో స్టెరాయిడ్ సూది వేయబోతుంటే ఈ పిల్లికి ఒకప్పుడు షుగరు ఉండేదని ముందే చెప్పండి. నోటుపుస్తకంలో బరువు, నీళ్ల లెక్క రాయడం మానవద్దు. ఒక వారం నీళ్ల గిన్నె మామూలు కంటే ముందే ఖాళీ అవుతూ, లిట్టర్‌లో గడ్డలు పెద్దవవుతుంటే, నెల ఆగకుండా ఆ వారమే గ్లూకోజు చూపించండి.